17వ నంబరు డబ్బా

పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడి, పిల్లల చేతుల్లోంచి మలం డబ్బాలు అందుకోవాల్సి వస్తుందని డీఎస్సీకి చదివే రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. అలాంటి రోజు వచ్చింది. వరసగా మూడు పొద్దులు అదే పని చేశాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇద్దరం టీచర్లం. బడి వెనక గోడ దాటితే జీడితోట, దాని తర్వాత కొబ్బరి, మధ్య మధ్య పనసచెట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి బోలెడు చెట్లు కూలిపోయాయి గానీ, మిగిలినవి, కొత్తగా పెట్టినవి కలిసి మళ్ళీ నీడ పట్టింది. ఇసుక కలిసిన ఎర్రనేల. వాన పడ్డాక ఆ నీడలో వట్టికాళ్ళతో నడుస్తుంటే చల్లగా, మెత్తగా ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయి వెనక ఏముందో కూడా ఆ మూడు పొద్దుల్లోనే తెలిసింది.

నులిపురుగుల మాత్ర మాకు కొత్త కాదు. 2015 ఫిబ్రవరి 10న కొన్ని రాష్ట్రాల్లో మొదలైన కార్యక్రమం మరుసటి ఏడాదికి దేశమంతటికీ వచ్చింది. ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఏఎన్ఎమ్ గారు మాత్రల డబ్బా తెచ్చిస్తారు. ఏడాది నుంచి 19 ఏళ్ళ లోపు వాళ్ళకి ఆల్బెండజోల్. మా బడి పిల్లలకి 400 మిల్లీగ్రాముల మాత్ర నిండుగా ఒకటి, అంగన్‌వాడీలో రెండేళ్ళ లోపు పిల్లలకి సగం పొడి చేసి. మధ్యాహ్నం భోజనం అయ్యాక వరసలో కూర్చోబెట్టి మన కళ్ళ ముందే నమిలించాలి. ఇంటికి ఇచ్చి పంపకూడదు. ఒంట్లో బాగాలేని వాళ్ళకి ఆ రోజు వెయ్యకూడదు. వేసుకున్నవాళ్ళ పేరు ఎదురుగా ఒక టిక్కు. ఆ రోజు రానివాళ్ళకి వారం తర్వాత వేసి రెండు టిక్కులు. సాయంత్రానికి లెక్క పైకి పంపాలి.

నిజం చెప్పాలంటే నా ధ్యాసంతా టిక్కుల మీదే ఉండేది. బుగ్గలో దాచి గోడ పక్కన ఉమ్మేసేవాణ్ణి పట్టుకోవడం, లెక్క తేడా రాకుండా చూసుకోవడం. మాత్ర లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో, అసలు లోపల ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు జులై ఆఖర్లో ఒక మెడికల్ కాలేజీ నుంచి పీజీ చదువుతున్న డాక్టరమ్మ, ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చారు. ఆగస్టులో మాత్ర వెయ్యక ముందు పిల్లల మలం ఒకసారి పరీక్ష చేస్తారట, మాత్ర వేశాక మూడు వారాలకి మళ్ళీ ఒకసారి. ఏ పురుగులున్నాయి, వాటిలో ఏవి పోతున్నాయి అన్నది చూడడానికి. తల్లిదండ్రుల సంతకాలు కావాలన్నారు. నేను పెట్టిస్తానన్నాను, అదెంత పనో తెలియక.

ఉద్దానంలో ఎవరైనా తెల్లకోటు వేసుకుని వస్తే జనం అడిగే మొదటి మాట ఒకటే: కిడ్నీల కోసమా? ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు రావడం, రక్తం తీసుకోవడం, మూత్రం తీసుకోవడం, బావి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళడం ఇక్కడ మామూలైపోయింది. ఇక్కడ ఇంతమందిని పట్టి పీడిస్తున్న ఈ కిడ్నీ జబ్బు ఫలానా దాని వల్ల వచ్చిందని తేల్చి చెప్పినవాళ్ళు మాత్రం ఇంకా రాలేదు. అందుకే మీటింగు పెడితే ఒకాయన లేచి, "రగతం అయిపోనాది, ఒంటేలు అయిపోనాది, ఇప్పుడు ఇదొకటా మేస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరమ్మ చిన్నబుచ్చుకోలేదు. ఇది కిడ్నీల కోసం కాదని, పురుగుల కోసమని, సూది గుచ్చేది లేదని చెప్పింది. సూది లేదన్న మాటకి సగం మంది సంతకాలు పెట్టేశారు.

ఇంకో తల్లి, "బెల్లం, చాక్లెట్లు తింటే పడతాయండి పురుగులు, మాయోడు అయి ముట్టడు" అంది. తీపికీ పురుగులకీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్తుంటే నేను తల దించుకున్నాను. మా అమ్మ నాకు అదే చెప్పింది, నేను ఇన్నేళ్ళూ పిల్లలకి అదే చెప్పాను. పురుగు గుడ్డు మట్టిలోంచి వేళ్ళకి, వేళ్ళ నుంచి నోటికి వస్తుంది. బెల్లం ముక్క పట్టుకున్న చెయ్యి కడిగిందా లేదా అన్నదే లెక్క.

మూత లోపల చిన్న గరిటె అతికించి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చారు. పేరు ఉండదు, నంబరే. ఎలా తేవాలో చెప్పే పని నా మీద పడింది. పాత పేపరు పరిచి దాని మీద కూర్చోవాలి. నీళ్ళు, ఒంటేలు, మట్టి కలవకూడదు. ఎంత కావాలో చూపించడానికి బంకమట్టితో గచ్చకాయంత ఉండ చేసి డబ్బాలో వేసి తిప్పి చూపించాను. తరగతి తరగతంతా నవ్వు. నాలుగో తరగతి అమ్మాయి ఒకత్తి మాత్రం నవ్వకుండా, "దారిలో ఎవలైనా సంచిలో ఏటుందని అడిగితే ఏటి సెప్పాలి సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. డాక్టరమ్మ అప్పటికప్పుడు నల్ల కవర్లు తెప్పించింది.

58 డబ్బాలు ఇస్తే మొదటి రోజు 26 వచ్చాయి. వాటిలో ఒకదాన్లో నేను చూపించిన బంకమట్టి ఉండ లాంటిదే, అచ్చంగా అంతే సైజులో, బంకమట్టితోనే చేసింది ఉంది. ఆ పిల్లాడు నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేశానన్న ధీమాతో నిలబడ్డాడు. ఇంకో ఇంటి అన్నదమ్ములు ఇద్దరూ ఒకరిదే పంచుకుని తెచ్చారు. టెక్నీషియన్ మూత తీసి చూడగానే పట్టేశాడు. మిగిలినవాళ్ళు "రాలేదు సార్" అన్నారు. రాకపోతే ఏం చేస్తాం? మూడు రోజులు పట్టింది. చివరికి కొందరు తేనే లేదు.

నాలుగో తరగతి గదిని ల్యాబు చేశారు. ఈ పరీక్షని కాటో–కాట్జ్ పద్ధతి అంటారట. చూస్తే వంటింటి పనిలా ఉంటుంది. మలం మీద సన్నటి జల్లెడ గుడ్డ పెట్టి నొక్కి పైన గీకితే పీచు కిందే ఉండిపోయి మెత్తటిది పైకి వస్తుంది. గుండ్రటి చిల్లు ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకని గాజు స్లైడు మీద పెట్టి ఆ చిల్లు నిండా కూరతారు. పలక తీసేస్తే స్లైడు మీద చిన్న గుట్ట మిగులుతుంది. దాని మీద ముందురోజే గ్లిజరిన్లో, పచ్చరంగులో నానబెట్టిన సెల్లోఫేన్ కాగితం ముక్క కప్పి, స్లైడు బోర్లించి నొక్కితే వడియంలా పరుచుకుంటుంది. కాసేపటికి గ్లిజరిన్ ఆ ముద్దని తేటపరుస్తుంది. అప్పుడు గుడ్లు కనపడతాయి.

ఇందులో ఒక చిక్కుంది. కొంకిపురుగు, అంటే హుక్‌వార్మ్, దాని గుడ్డు పెంకు చాలా పల్చన. గ్లిజరిన్ ఎక్కువసేపు పనిచేస్తే అది కూడా తేటపడి కనపడకుండా పోతుంది. అరగంట నుంచి గంట లోపల చూసెయ్యాలి. ఆలస్యం చేస్తే ఉన్న పురుగు కూడా లెక్కలో లేనట్టే. రెండో రోజు పన్నెండు స్లైడ్లు వేసి ఉంచాక కరెంటు పోయింది. మైక్రోస్కోపు లైటు ఆరిపోయింది. టెక్నీషియన్ మొహంలో టెన్షన్ చూసి నాకూ కాళ్ళు ఆడలేదు. హైస్కూల్లో సైన్సు మేస్టారి దగ్గర అద్దం ఉన్న పాత మైక్రోస్కోపు ఉందని గుర్తొచ్చి బండేసుకుని వెళ్ళి తెచ్చాను. వరండాలో ఎండ వైపు అద్దం తిప్పి గబగబా లెక్కపెట్టారు. ఆ పూట నేను చేసిన పనికి నాకే గర్వంగా అనిపించింది. దాని ఫలితం మర్నాడు అనుభవించాను, చెప్తాను.

అప్పుడే నన్నూ చూడమన్నారు. ఏలికపాము గుడ్డు గోధుమరంగులో, కాకరకాయ తొక్కలాగా బొడిపెలతో ఉంది. కొరడా పురుగు గుడ్డు అచ్చం మద్దెల, రెండు వైపులా మూతలతో. కొంకిపురుగుది వీటి ముందు ఏమీ లేనట్టే, గాజుబుడగ లాంటి పల్చటి కోలగుడ్డు, లోపల నాలుగు బుడిపెలు. ఒక ఆడ ఏలికపాము రోజుకి రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ గుడ్డు మట్టిలో రెండు మూడు వారాలు ఉంటే గానీ ఇంకొకరికి అంటుకునే దశకి రాదు. కొంకిపురుగు దారి వేరు. దాని గుడ్డు నీడలో, తేమగా ఉన్న ఇసుక నేలలో పగిలి, పిల్ల వారం పది రోజుల్లో సిద్ధమై, నడిచేవాడి అరికాలి కోసం కాచుకుని ఉంటుంది. చర్మంలోంచి దూరి, రక్తంలో పడి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి గొంతుకి ఎక్కి, మళ్ళీ మింగుడుపడి పేగులకి చేరుతుంది. అక్కడ పళ్ళు దించి రక్తం తాగుతూ కూర్చుంటుంది.

నీడ, తేమ, ఇసుక నేల. నేను కిటికీలోంచి జీడితోట వైపు చూశాను. మా పిల్లలు ఒంటికీ రెంటికీ పోయేది అక్కడికే. బడిలో బాత్రూములున్నాయి, టైల్స్ కూడా వేసి ఉన్నాయి. వేసవిలో మోటారు కాలిపోయింది. నీళ్ళు లేని బాత్రూముకి తాళం వేశాం. ఆ తాళం వేసింది నేనే. ప్రభుత్వం కిట్లో ఇచ్చిన బూట్లు చాలామంది ఇళ్ళల్లో పండక్కని అట్టపెట్టెలోనే ఉన్నాయి.

ఇక మర్నాటి సంగతి. ఆ పలక చిల్లులో పట్టేది 41.7 మిల్లీగ్రాములు. అందుకని స్లైడులో కనపడిన గుడ్ల సంఖ్యని 24తో హెచ్చిస్తే గ్రాముకి ఎన్నో వస్తుంది. లెక్కల మేస్టారి బుర్ర కదా, ఇది వినగానే ఐదో తరగతికి ఇంతకంటే మంచి గుణకారం ఏముంటుందనిపించింది. పేర్లు ఎక్కడా బయటపెట్టొద్దని డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది. పేరు రాయలేదు నేను. నల్లబల్ల మీద "17వ నంబరు డబ్బాలో 31 గుడ్లు. గ్రాముకి ఎన్ని?" అని రాశాను. పిల్లలు హుషారుగా చేశారు. 744.

నంబరు పేరు కాదనుకున్నాను. నా తెలివి అంతే. ఎవరి డబ్బా నంబరు ఏదో తరగతిలో ప్రతి పిల్లకీ తెలుసు. డబ్బాలు ఇచ్చిన రోజే ఒకరిది ఒకరు చూసుకున్నారు. ఇంటర్వెల్‌కి ఆ పిల్లాడి పేరు 'ఏడొందలా నలభై నాలుగు' అయింది. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లిదండ్రులు చెన్నైలో పనికి వెళ్ళారు. నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. నన్ను చూడగానే దొడ్లోకి పారిపోయాడు. తప్పు నాదేనని నాయనమ్మకి చెప్పాను. ఆవిడకి అదంతా పెద్దగా పట్టలేదు. "కడుపులో పురుగులుంటే ఉంటాయి బాబూ, ఎవులికి నేవు?" అంది. మాటల్లో, వాడు బడిలో బలపాలు తింటున్నాడని, నేను రెండుసార్లు తిట్టానని చెప్పాను. ఆవిడ నవ్వింది. "బలపాలేటి, గోడ గీక్కుని తింటాడు. నానూ సిన్నప్పుడు మట్టి తినీదాన్ని. మాయమ్మ మూతి మీద కొట్టీది."

రక్తం తక్కువైన పిల్లలకి మట్టి, సుద్ద, బలపం తినాలనిపిస్తుందని డాక్టరమ్మ చెప్పి అప్పటికి రెండు రోజులే అయింది. రెండో బెంచీలో ఎప్పుడూ తల వాల్చి కూర్చునే పిల్లాడు. సోమరిపోతని నేను ముద్ర వేసిన పిల్లాడు. పుస్తకం లెక్కలో గ్రాముకి 744 అంటే తేలికపాటి కిందే వస్తుంది. కొంకిపురుగుకి 2000 దాటితేనే మధ్యరకం. కానీ సరిగ్గా తినని ఒంట్లోంచి రోజూ కాస్త కాస్త రక్తం పోతుంటే, తేలిక అన్న మాట ఎవరి లెక్కో నాకు అర్థం కాలేదు. నాయనమ్మ కింది కనురెప్ప కూడా వాడి రెప్పలాగే పాలిపోయి ఉంది. మార్చి నుంచి జీడిపిక్కలు ఏరడానికి ఇద్దరూ కలిసే తోటలోకి వెళ్తారు. చెప్పుల్లేకుండా. తోటలోకి వెళ్తే చెప్పులేసుకోవాలమ్మా అన్నాను. "అరిగిపోవా?" అంది.

వాడు సోమవారం బడికి వచ్చాడు. నేను తరగతి ముందు వాడికి సారీ చెప్పాను. అదీ సరైన పనో కాదో ఇప్పటికీ తెలీదు. వాడి చెవులు ఎర్రబడిపోయాయి పాపం.

ఆగస్టు 10న మాత్ర వేసేటప్పుడు మొదటిసారి టిక్కుల కంటే నోళ్ళు ఎక్కువ చూశాను. మూడో తరగతి పాపకి గంటలో కడుపునొప్పి, వాంతి. పావుగంటలో మూడు బళ్ళ మీద జనం దిగారు. లోపల పురుగులు ఎక్కువగా ఉన్నవాళ్ళకి కొందరికి ఇలా అవుతుందని, పడుకోబెట్టి నీళ్ళు పడితే సర్దుకుంటుందని ఏఎన్ఎమ్ గారు చెప్తూనే ఉంది, ఎవరూ వినడం లేదు. సాయంత్రానికి పాప లేచి ఆడుకుంది. రెండు రోజుల తర్వాత ఆ పాప వాళ్ళ నాన్న గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, ఎవరూ లేరని చూసుకుని, "మూడు పడ్డాయి మేస్టారూ. జానెడు మీదే ఉన్నాయి" అన్నాడు.

మూడు వారాలకి మళ్ళీ డబ్బాలు. ఈసారి బంకమట్టి రాలేదు. ఏలికపాములు దాదాపు అందరికీ పోయాయి. 17వ నంబరులో ఏమీ లేదు. కొంకిపురుగున్న ఇంకొకరిద్దరికి మాత్రం కొద్దిగా మిగిలింది. కొరడా పురుగున్న పిల్లల్లో ఎక్కువమందికి మద్దెలలు అలాగే ఉన్నాయి. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకి ఆ పురుగు అంత తేలిగ్గా లొంగదట. నా రిజిస్టర్లో మాత్రం అందరికీ ఒకే టిక్కు.

తర్వాత నా పరిధిలో చేయగలిగినవి కొన్ని చేశాను. పిల్లల తండ్రుల దగ్గర చందాలు పోగేసి మోటారు వైండింగ్ చేయించి బాత్రూము తాళం తీశాం. కుళాయి దగ్గర సబ్బు పెడితే కాకులు ఎత్తుకుపోయాయి. అబద్ధం కాదు, కాకులు సబ్బు ఎత్తుకుపోతాయి. పాత సాక్సులో సబ్బు ముక్కలు వేసి కుళాయికి కట్టాక ఆ బాధ తప్పింది. బూట్లు ఎంత చెప్పినా వారంలో రెండు రోజులే. డాక్టరమ్మ చదువు అయిపోయి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరూ డబ్బాలు తేలేదు, మట్టిలోంచి పిల్లల కడుపుల్లోకి మళ్ళీ ఎన్ని ఎక్కాయో లెక్కపెట్టే వీలు లేదు.

ఫిబ్రవరిలో మాత్రల రోజు మధ్యాహ్నం పిల్లల వరస చివర 17వ నంబరు నాయనమ్మ నిలబడి ఉంది. ఏఎన్ఎమ్ గారు నవ్వుతూ, "మామ్మా, పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకే ఇది. నీకెన్నేళ్ళు?" అంది.

"నాకేటి తెలుసు. ఒక్క బిళ్ళకి ఇంత లెక్కేటి?"

వెయ్యడానికి కుదరదని, ఆసుపత్రికి వస్తే రక్తం చూసి డాక్టరు గారితో రాయించి ఇప్పిస్తానని ఏఎన్ఎమ్ గారు చీటీ రాసిచ్చింది. ఆవిడ చీటీ కొంగున ముడేసుకుంది. అప్పుడు చూశాను, చంకలో కొత్త హవాయి చెప్పులు. ఏం, కాళ్ళకి వేసుకోలేదేం అన్నాను.

"బళ్ళోకి సెప్పుల్తో వస్తారేటి మేస్టారూ?" అంది.